పన్నెండు వోల్టులు, అర ఆంపియర్

మార్చి 3

అమ్మా,

అక్క నీకు ఏం చెప్పిందో నాకు పొల్లు పోకుండా తెలుసు. "చిన్నది ఉద్యోగం మానేసింది. వంటింట్లో ఒక ఇనప ముక్కకి చెవి ఆనించి కూర్చుని ఏడుస్తోంది. మనిషి తేడాగా ఉంది." ఇంతేనా, ఇంకేమైనా కలిపిందా?

వరసగా చెబుతాను. ఉద్యోగం మానలేదు, డయాగ్నస్టిక్ సెంటర్లో పొద్దుటి షిఫ్టుకి మారాను. ఆరింటికి వెళ్ళి ఊళ్ళోవాళ్ళ రక్తాలూ చక్కెరలూ టైపు చేసి ఒంటిగంటకి ఇంటికొస్తున్నాను. అక్క రెండింటికి వచ్చి, నేను ఇంట్లో ఉండడం చూసి, ఉద్యోగం లేదని తేల్చేసింది. ఏడుపు సంగతి: ఉల్లిపాయలు తరుగుతున్నాను. చాకు చేతిలోనే ఉంది. అక్క చాకు చూడలేదు, కళ్ళే చూసింది. మన ఇంట్లో నన్ను అందరూ సగమే చూస్తారమ్మా, మిగతా సగం ఎవరికి తోచింది వాళ్ళు పూరించుకుంటారు. నువ్వు కూడా అప్పుడప్పుడూ.

ఇక ఇనప ముక్క. అది మీ వినే లైబ్రరీ హార్డ్ డిస్కు. చూపులేనివాళ్ళ కోసం పద్దెనిమిదేళ్ళు నువ్వు చదివిన అరవై ఒక్క పుస్తకాలూ అందులోనే ఉన్నాయి. నువ్వు కూర్చుని చదివిన గది, గోడలకి దుప్పట్లు కొట్టిన గది, ఖాళీ చేయమన్నారు. కంప్యూటర్ ఎప్పుడో చచ్చింది. లైబ్రరీ సెక్రటరీ గారు దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయబోతూ నాకు ఫోన్ చేశారు. "మీ అమ్మ గొంతు ఇందులో ఉందమ్మా, నాకు పారేయడానికి చేతులు రావడం లేదు" అన్నారు. నేను స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి డిస్కు మాత్రం విప్పి తెచ్చుకున్నాను. నాలుగు టెరాబైట్లు. ఇటుకలా బరువు.

దాన్ని చిన్న కంప్యూటర్ బోర్డుకి తగిలించాను. చిన్నదంటే పేకముక్కల పెట్టె అంతే ఉంటుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, రోజంతా వెలుగుతూనే ఉన్నా జీరో బల్బుకయ్యే కరెంటు కూడా కాదు. దీన్ని ఇంటి నెట్‌కి కలిపితే మీ లైబ్రరీ వాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోన్లో పుస్తకాలు వినొచ్చు. అక్క చూసి, "సబ్బుబిళ్ళకి ఇటుక కట్టావేంటే?" అంది. అది మాత్రం బాగుంది, ఒప్పుకుంటాను.

చిక్కు ఏమిటంటే డిస్కు తెరుచుకోవడం లేదు. స్విచ్ వేస్తే గుర్రుమని తిరగబోతుంది, టక్ మంటుంది, ఆగిపోతుంది, మళ్ళీ గుర్రు. నాలుగు రోజుల్లో ఒక్కసారే తెరుచుకుంది. పుస్తకాల పేర్లన్నీ తెర మీదికి వచ్చాయి. బోర్డు "సరిచేస్తున్నాను, ఆగండి" అంది. నిమిషం కాకుండానే మళ్ళీ టక్. అందుకే చెవి ఆనించి వింటున్నాను. వంటింట్లో ఎందుకంటే, ఖాళీగా ఉన్న ప్లగ్గు అక్కడే ఉంది.

వేరే కాపీ ఎక్కడా లేదు. ఇది పోతే అన్నీ పోయినట్టే. అక్క నీకు ఈ ముక్క చెప్పి ఉండదు.

గొంతు దగ్గర కుట్లు దురద తగ్గిందా? గోకకు.

చిన్నది


మార్చి 9

చిన్నదానికి,

దురద తగ్గింది. గోకడం మానలేదు.

మీ అక్క మాటలు నువ్వు రాసినవే, ఒక్కటి మాత్రం వదిలేశావు: "చిక్కిపోయింది" అని కూడా అంది. నీ గురించి మా ఇద్దరి మధ్యా జరిగే సంభాషణ ఎలా ఉంటుందో ఊహించుకో. తను మాట్లాడుతుంది. నేను పలక మీద రాస్తాను. నేను రాసి తిప్పేలోగా తను మూడు మాటలు ముందుకి వెళ్ళిపోతుంది. నా జవాబు ఎప్పుడూ పాత ప్రశ్నకే అవుతుంది. నిన్న "కాదు" అని రాసి చూపిస్తే, అప్పటికి అడిగింది "కాఫీ తాగుతావా" అని. కాఫీ పోయింది.

ఆపరేషన్లో గొంతు తీసేశాక ఆసుపత్రి వాళ్ళిచ్చిన గొంతు యంత్రం బీరువాలో ఉంది. మెడకి ఆనించి పెదవులు కదిపితే తుమ్మెద డబ్బాలో పడ్డట్టు మాట వస్తుంది. ఒక్కసారి వాడాను. మనవరాలు మంచం కిందికి దూరింది. ఫోన్లో వేలితో పొడవమంటారు, నా మాటలు అందులో ముక్కలవుతాయి. కాగితమే నయం. కాగితం నా వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతుంది.

డిస్కు సంగతి. పోతే పోనీ. నేను చదివింది జ్ఞాపకాల పెట్టె కోసం కాదు. మీ నాన్న పోయిన ఏడాది ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నాను, చదవడం అలవాటైంది, పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఆ పని అయిపోయింది. అందరూ పోయినవాళ్ళ ఫోటో దాచుకుంటారు, నువ్వు బతికున్నదాని గొంతు దాచుకోవాలని చూస్తున్నావు. నాకేమో ఇది బాగా అనిపించడం లేదు.

మీ బావ వాళ్ళ ఆఫీసులో నీకోసం మాట్లాడి పెట్టాడు. జూన్‌లో చేరొచ్చట. ఆ ఫ్లాటు ఖాళీ చేసి ఇక్కడికి, మీ అక్క ఇంటికే వచ్చెయ్యి. ఇక్కడ నాకో కిటికీ ఉంది, ఎదురుగా టైలర్ షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడలేడు. మేమిద్దరం తలలూపుకుంటాం. నాకు ఈ ఊళ్ళో ఉన్న స్నేహం అదొక్కటే.

వేళకి తిను.

అమ్మ


మార్చి 14

అమ్మా,

డిస్కు బతికింది! నేను బతికించలేదు. ఎక్స్‌చేంజి మామయ్య బతికించారు.

గుర్తున్నారుగా, టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరు, ప్రతి మంగళవారం మీ లైబ్రరీకి వచ్చి కొత్త పుస్తకం పట్టుకెళ్ళేవారు. లైబ్రరీ మూసేశారని తెలిసి సెక్రటరీ గారిని అడిగి మన ఇల్లు కనుక్కుని వచ్చారు. కర్రతో మెట్లు లెక్కపెట్టుకుంటూ మూడో అంతస్తుకి ఎక్కేశారు.

"ఎక్కడమ్మాయ్ రోగి?" అన్నారు గుమ్మంలోనే.

"వంటింట్లో మామయ్యా."

"మంచిదే. ఆసుపత్రి కన్నా నయం."

డిస్కు దగ్గర కుర్చీ వేశాను. స్విచ్ వేయమన్నారు. కళ్ళద్దాలు తీసి చెవి వంచారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నారు. ఆపమన్నారు, వేయమన్నారు, మళ్ళీ ఆపమన్నారు. నేను గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

"పాడైపోయిందా?"

"పాడైన యంత్రం ఒక్కోసారి ఒక్కోలా మూలుగుతుందమ్మాయ్. ఇది ప్రతిసారీ ఏడో లెక్క దగ్గరే ఆగుతోంది. పరిగెత్తబోయి ఓపిక చాలక కూలబడుతోంది. మా ఎక్స్‌చేంజిలో బ్యాటరీలు దిగిపోయినప్పుడు లైన్లు కలిపే రిలేలన్నీ ఇలాగే టకటకమని లేవబోయి పడిపోయేవి. కొత్తగా చేరినవాళ్ళు రిలేలు పాడయ్యాయని విప్పి మార్చేసేవాళ్ళు. ఇంతకీ దీనికి కూడు ఎక్కణ్ణించి పెడుతున్నావు?"

చెప్పాను. బోర్డుకి దాని అడాప్టర్ దానికుంది. డిస్కు మోటారుకి వేరే పన్నెండు వోల్టులు కావాలి. మన పాత వైఫై డబ్బా అడాప్టర్ సొరుగులో ఉంటే అదే పెట్టాను. పిన్ను సరిపోయింది, దాని మీద పన్నెండు అనే ఉంది.

"పన్నెండు పక్కన ఏముందో చదువు."

చదివాను. అర ఆంపియర్.

"డిస్కుకి తగిలించిన తీగతో కాగితం ఏమైనా వచ్చిందా? అందులో ఎంత అడిగాడు?"

కాగితం చెత్తబుట్టలోంచి తీసి చదివాను. రెండు ఆంపియర్లు.

"నాలుగో వంతు కూడు పెట్టి గంతులెయ్యమన్నావు. కాలేజీలో ఏం చదివావమ్మాయ్?"

"కంప్యూటర్లే మామయ్యా."

"పోన్లే, వంట చదవలేదు. ఇంట్లోవాళ్ళు బతికిపోయారు."

చూపులేని మనిషి నాకు అక్షరాలు చదివించాడమ్మా. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు కరెంటు సామాన్ల షాపుకి పరిగెత్తి రెండు ఆంపియర్ల అడాప్టర్ తెచ్చాను. ఈసారి డిస్కు గుర్రుమని లేచింది, ఏడు దాటింది, పది దాటింది, నున్నగా తిరగడం మొదలుపెట్టింది. మామయ్య రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆ కదలిక అరచేతులతో విన్నారు. "ఊఁ, ఇప్పుడు చదివించు" అన్నారు.

ఈసారి చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచాను, బోర్డు దాని మీద ఏమీ రాయలేదు, చెరపలేదు. మొదట చేతికందిన పుస్తకం పెట్టాను. నువ్వు "ఒకటో అధ్యాయం" అన్నావు. నీ పద్ధతిలో ఒక ఊపిరి ఆగావు. మామయ్య లేచి నిలబడ్డారు. "కూర్చోండి మామయ్యా" అంటే, "ఆవిడ వచ్చినప్పుడు లేవడం అలవాటు" అన్నారు. గంటన్నర విని వెళ్ళారు.

ఆయన వెళ్ళాక నేను ఒక్కదాన్నే చివరి పుస్తకం తెరిచాను, ఆ లావుపాటి నవల. మిగతా అరవై పుస్తకాలూ తప్పులు కత్తిరించి శుభ్రం చేసినవి. దీన్ని శుభ్రం చేసే తీరిక సెక్రటరీ గారికి దొరకలేదు, రికార్డు చేసింది చేసినట్టే ఉంది. తప్పు చదివినప్పుడల్లా నువ్వు పెన్సిల్‌తో బల్ల మీద రెండుసార్లు కొడతావు, తర్వాత కత్తిరించేవాళ్ళకి గుర్తుగా. ఆ చప్పుళ్ళ మధ్య నువ్వు దగ్గుతావు, నీళ్ళు అడుగుతావు, రచయితని తిడతావు. ఒక చోట నవ్వాను. పధ్నాలుగో అధ్యాయంలో పెన్సిల్ రెండుసార్లు మోగింది. తర్వాత నీ గొంతు, దాని వెనక సెక్రటరీ గారి గొంతు.

"ఆగండి. మళ్ళీ ముల్లు అడ్డం పడ్డట్టుంది."

"నెల్లాళ్ళ నుంచి అంటున్నారు. డాక్టరుకి చూపించుకోకూడదా?"

"చూపిస్తే మాట్లాడొద్దంటాడు. ఇంకా నాలుగు వందల పేజీలున్నాయి. ఇదయ్యాక చూద్దాం. ఇంట్లో అనకండి, చిన్నది గోల చేస్తుంది."

ఫైలు మీద తేదీ ఉందమ్మా. నీ ఆపరేషన్‌కి పదహారు నెలల ముందు.

మాకేం చెప్పావు? "పదిరోజుల నుంచే బొంగురుగా ఉంది" అన్నావు. డాక్టరు "ముందే తెచ్చి ఉంటే" అన్నప్పుడు అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంట్లో ఉండి కూడా కనిపెట్టలేదని ఈ ఏడు నెలలూ నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఎందుకు చెప్పలేదు?

చిన్నది


మార్చి 20

చిన్నదానికి,

పెన్సిల్ రెండుసార్లు కొట్టానంటే అర్థం, ఆ ముక్క ఎవరికీ కాదని. పద్దెనిమిదేళ్ళు ఆ గదిలో అందరం పాటించిన మర్యాద అది. కత్తిరించేవాళ్ళు కూడా విని మరిచిపోతారు. నువ్వు చెవులు రిక్కించి మరీ విన్నావు. నా చెత్తబుట్ట బోర్లించి, ఏరుకుని, తేదీ వేసి, నాకే పోస్టు చేశావు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మీ లైబ్రరీ, మీ లైబ్రరీ అంటావు. నాకది లైబ్రరీ కాదు. మీకు అన్నం పెట్టి, స్కూలికి పంపి, ఆఫీసుకి వెళ్ళి వచ్చాక, రోజులో ఒక గంట నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు. ఆ నవల ఆరు వందల నలభై పేజీలు. అంత పెద్దది ఎప్పుడూ చదవలేదు. సగంలో ఆపితే ఇంకెవరో పూర్తి చేస్తారు. ఒకే పుస్తకంలో రెండు గొంతులుంటే వినేవాళ్ళకి మనిషి మారినట్టు ఉంటుంది. నాకది ఇష్టం లేదు. పూర్తి చేసి వెళ్ళాను. పెద్ద జబ్బని అనుకోలేదు. అనుకున్నా పూర్తి చేసేదాన్నేమో, తెలియదు. నిన్ను తిట్టుకోమని నేను చెప్పలేదు.

ఇంకో మాట. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. డిస్కులో ఉన్నావిడ వచ్చిన చోట నీ రాత ఎంత హుషారుగా ఉందో! ఆవిడ ఊపిరి, ఆవిడ పద్ధతి, ఆవిడ వస్తే పెద్దమనిషి లేచి నిలబడడం. నేను వచ్చిన చోట "కుట్లు గోకకు." ఈ ఏడు నెలల్లో నువ్వు ఇక్కడికి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ నా పలక వైపు చూశావు కానీ మొహం వైపు చూడలేదు. ఆవిడ నీకు బాగుంది, అర్థమైంది. కానీ ఆవిడని నేను భరించలేను.

చెరిపెయ్యి. మొత్తం.

అమ్మ


మార్చి 27

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపం. రెండో రోజు నా మీద కోపం. ఇవాళ రాయగలుగుతున్నాను.

పెన్సిల్ సంగతి నువ్వన్నది నిజం. వినకుండా ఉండాల్సింది. విన్నాను కాబట్టి నిన్ను అడిగాను, అది వెనక్కి తీసుకోలేను. పలక సంగతి కూడా నిజమే. మొహం చూస్తే నువ్వు మాట్లాడబోతున్నట్టు పెదవులు కదిలిస్తావు, మాట రాదు. అందుకని పలక చూశాను. అక్షరాలు నన్ను భయపెట్టలేదు.

డిస్కు ఇంకా చెరపలేదు. ఎందుకో చెబుతాను.

మొన్న మామయ్య ఇంకొకావిడని వెంటబెట్టుకొచ్చారు. కుర్చీలు అల్లే ఆవిడ, నువ్వు ఎరుగుదువట. ఒక అల్లిక చట్రం సంచిలో వేసుకొచ్చి, వంటింటి నేల మీద కూర్చుని, "పెట్టమ్మా" అంది. నువ్వు చదువుతుంటే ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. "మీ అమ్మగారు చదువుతుంటే నా అల్లిక తప్పదు. వేరేవాళ్ళు చదివితే కథలో పడిపోతాను, ఈవిడ చదివితే కథా వినిపిస్తుంది, చేతికి తాళమూ అందుతుంది" అంది. నీ గొంతుకి ఇలాంటి ఉపయోగం ఉందని మనకెవరికీ తెలియదు.

"ఈ లావు నవల సగం విన్నాను, ఎలా అయిపోతుందమ్మా?" అని ఆవిడే అడిగింది. చివరి భాగం పెడదామని తెరిచాను.

అమ్మా, ఇది నీకు రాయకుండా ఉండొచ్చు. రాస్తున్నాను. ముప్ఫై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. చివరి మూడు అధ్యాయాల ఫైళ్ళకీ పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. మొదటి ఉత్తరంలో రాశాను చూడు, ఒక్కసారి తెరుచుకుని, సరిచేస్తున్నానంటూ మధ్యలో ఆగిపోయిందని. ఆ నిమిషంలో పోయాయి. డేటా తీసే అతని దగ్గరికి డిస్కు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. అతను రోజంతా వెతికి, "అక్కడ ఏదీ మిగల్లేదండీ" అన్నాడు. తప్పు డిస్కుది కాదు, బోర్డుది కాదు. అర ఆంపియర్ అడాప్టర్ పెట్టింది నేను.

నువ్వు ఏ చివరి పేజీల కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళలేదో, అవే.

కుర్చీలావిడకి నిజం చెప్పాను. ఆవిడ అల్లిక ఆపి చట్రం పక్కన పెట్టింది. తర్వాత, "అయితే ఇక్కడిదాకానే పెట్టు, ఉన్నంతవరకూ వింటాను" అంది.

చిన్నది


ఏప్రిల్ 3

చిన్నదానికి,

నీ ఉత్తరం పొద్దున పదకొండింటికి వచ్చింది. చదివి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా టైలర్ చూసి తలూపాడు. నేను ఊపలేదు. అతను గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి వచ్చి, కిటికీ కింద నిలబడి "ఏమైందమ్మగారూ?" అన్నాడు. ఇన్నాళ్ళకి అతని గొంతు విన్నాను. సన్నగా ఉంది. చెయ్యి ఊపి పంపించేశాను.

నిన్ను తిట్టను. తిట్టాలంటే గొంతుండాలి, రాసిన తిట్టు మరీ స్పష్టంగా ఉంటుంది.

ఆ మూడు అధ్యాయాలు చదివిన రోజులు నాకు బాగా గుర్తు. నలభై ఒకటో అధ్యాయానికి రెండు వారాలు పట్టింది. పేజీకి నాలుగుసార్లు పెన్సిల్ కొట్టాను. చివరి వాక్యం ఎనిమిదోసారికి నాకు నచ్చినట్టు వచ్చింది. సెక్రటరీ గారు అద్దం అవతల చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఇంటికొచ్చి నీకు ఏమీ చెప్పలేదు, నువ్వు ఆ రోజు ఉద్యోగం మానేస్తానని గొడవ పడుతున్నావు.

అది పూర్తిగా ఉందనే ఇన్నాళ్ళూ ధైర్యం. అద్దంలో మెడ చూసుకున్నప్పుడల్లా, పోనీలే, ఆ పని మాత్రం పూర్తయింది అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడానికి అది కూడా లేదు. సగం పుస్తకం నాకు వద్దు.

ఇంకొకటి. మొన్న నువ్వు అక్కకి ఏదో దారి పంపించావట, ఫోన్లో నొక్కితే పుస్తకాలు వినిపించేది. నన్ను సంతోషపెట్టాలని మీ అక్క భోజనాల దగ్గర పెట్టింది. పిల్ల తినడం ఆపి, ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మమ్మ గొంతు ఇందులోకి వెళ్ళిపోయిందా? అమ్మా, తీసి అమ్మమ్మకి ఇచ్చెయ్యవే" అంది. అల్లుడు లేచి వెళ్ళిపోయాడు. మీ అక్క ఏడ్చింది. నేను పలక కోసం వెతుక్కున్నాను.

గొంతు నాది. ఎవరింట్లో మోగాలో, ఎవరింట్లో మోగకూడదో చెప్పే హక్కు నాకుంది. మొత్తం చెరిపేసి, సామాను సర్దుకుని వచ్చెయ్యి. జూన్ దాకా ఆగక్కర్లేదు.

అమ్మ


ఏప్రిల్ 11

అమ్మా,

అక్కకి పంపిన దారి మూసేశాను. పిల్ల ముందు, నీ ముందు, మీ భోజనాల బల్ల మీద అది ఇక మోగదు. ఎవరికి తెరవాలో ఇప్పుడు ఒక జాబితా ఉంది: లైబ్రరీ రిజిస్టరులో సభ్యులుగా ఉన్న నలభై ముగ్గురు. వాళ్ళు తప్ప ఇంకెవరూ వినలేరు. నేను కూడా పని పడితే తప్ప వినడం లేదు.

నువ్వు పెన్సిల్ కొట్టి ఎవరికీ కాదన్న ముక్కలన్నీ ఆ నవలలోంచి కత్తిరించాను. సెక్రటరీ గారు పక్కన కూర్చుని ఎలా కత్తిరించాలో నేర్పించారు. తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. ఆ ముక్కలు ఒక చిన్న మెమరీ కార్డులో వేసి ఈ కవరులో పెట్టాను. వాటికి నా దగ్గర కాపీ లేదు. అవి నీవి. విను, విరిచెయ్యి, నీ ఇష్టం.

నువ్వు అనుకున్నది ఒకటి తప్పు, అది చెప్పాలి. డిస్కులో ఉన్నావిడ నాకు నీకన్నా ముద్దు కాదు. ఆవిడ నన్ను ఎరగదు. నా గురించి అన్నది ఒక్కటే మాట, గోల చేస్తానని. నాకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. కాఫీ పోయిన సంగతి, టైలర్ సంగతి, నలభై ఒకటో అధ్యాయం సంగతి చెప్పింది నువ్వు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నువ్వు నాతో మాట్లాడినదానికన్నా ఈ నెలలో రాసింది ఎక్కువ. మా అమ్మ ఎవరంటే ఈ ఉత్తరాలు రాసే మనిషి. ఈసారి వచ్చినప్పుడు మొహమే చూస్తాను. నువ్వు పెదవులు కదిలించు. అర్థం కాకపోతే మళ్ళీ కదిలించమంటాను.

పుస్తకాల విషయం వేరు. రిజిస్టరులో ప్రతి పుస్తకం ఎదురుగా "చదివి ఇచ్చినది" అని నువ్వే సంతకం పెట్టావు, అరవై ఒక్క చోట్ల. చూసి వచ్చాను. ఇచ్చేశావమ్మా. కుర్చీలావిడ చేతులకి అందే ఆ తాళం ఇప్పుడు నాదీ కాదు, నీదీ కాదు.

సగం పుస్తకం వద్దన్నావు. ఆ మూడు అధ్యాయాలు పోగొట్టింది నేను. సెక్రటరీ గారి బీరువాలో పుస్తకం ఉంది, నీ పెన్సిల్ గీతలతో సహా. పడకగది గోడలకి దుప్పట్లు కొట్టాను. ముప్ఫై తొమ్మిదో అధ్యాయం మొదటి పేజీ చదివి మామయ్యకి వినిపించాను. "నీ గొంతు తలుపు బందులా కిర్రుమంటోంది, నూనె వెయ్యాలమ్మాయ్" అన్నారు. రెండోసారి చదివాను. "వేశావు కానీ చాల్లేదు" అన్నారు. ఏడోసారికి ఊరుకున్నారు. ఒకే పుస్తకంలో రెండు గొంతులు నీకు ఇష్టం లేదని తెలుసు. ముప్ఫై ఎనిమిదో అధ్యాయం చివర, ఇక్కడి నుంచి చదువుతున్నది వేరే మనిషి అని నేనే చెబుతాను. నువ్వు చదివినట్టు చదవను, చదవలేను.

రెండో డిస్కు కొన్నాను. అన్నీ దానికి ఎక్కించి మామయ్య ఇంట్లో పెట్టాను. కూడు సరిపోతోందో లేదో రోజూ ఆయనే వింటారు.

బావకి చెప్పు, ఉద్యోగం వేరే ఎవరికైనా ఇప్పించమని. నేను రావడం లేదు. డిస్కు చెరపను. నలభై ఒకటో అధ్యాయం ఈ నెలాఖరుకి పూర్తి చేస్తాను.

చిన్నది